గోల్ పోస్టు వెనక పుట్టే పాట

అనంతపురం జిల్లాలో జానపదం అనగానే ఉరుముల నృత్యం, చెక్కభజన, కోలాటం, పీర్ల పండుగ పాటలు గుర్తొస్తాయి. ఆ వెంటనే "అవన్నీ అంతరించిపోతున్నాయి" అనే మాట వస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ అదే జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల వైపు వెళ్ళి, ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే గట్టు మీద కాసేపు కూర్చోండి. జానపదం ఎలా పుడుతుందో కళ్ళారా చూడొచ్చు. దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. పిల్లల గోల అనుకుని వదిలేస్తాం.

ఫుట్‌బాల్ చూసే జనం పాడే పాట అచ్చమైన మౌఖిక సంప్రదాయమని నా వాదన. పోలిక కోసం అంటున్న మాట కాదిది. పాట ఎలా పుడుతుంది, ఎవరు దాన్ని నిలబెడతారు, ఎలా మారుతుంది, ఎలా ఊళ్ళు దాటుతుంది అని అడుగుతూ పోతే చెక్కభజనకూ గ్యాలరీ పాటకూ జవాబులు ఒకటే వస్తాయి.

ముందు ఒక చిన్న సంఘటన. పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లల జట్టుకూ టౌన్ జట్టుకూ మ్యాచ్ జరుగుతోంది. సబ్‌స్టిట్యూట్‌గా బయట కూర్చున్న ఒక పాప ఖాళీ వాటర్ క్యాన్ బోర్లించి అరచేతులతో దరువు వేస్తోంది. వేస్తూ వేస్తూ గొంతెత్తి అడిగింది: "ఎవురు కొడ్తారు గోలు?" పక్కనున్న ఏడెనిమిది మంది ఒక్కసారిగా "మనోళ్ళు! మనోళ్ళు!" అన్నారు. రెండు మూడు సార్లు తిరిగేసరికి వెనక నిలబడ్డ అబ్బాయిలూ కలిశారు. అవతలి జట్టు వాళ్ళు ఊరుకుంటారా? అదే దరువు, అదే ఎత్తుబడి, మాట మాత్రం మారింది: "ఎవురు తింటారు గోలు?" "మీరే! మీరే!" ఇంకాసేపటికి పల్లె జట్టు నిజంగానే గోల్ కొట్టింది. క్యాన్ మీద దరువు ఆగలేదు. "ఎవురు కొట్టినారు గోలు?" అన్న ప్రశ్నకు ఈసారి గోల్ కొట్టిన అమ్మాయి పేరు జవాబుగా వచ్చింది. ఆ పేరు మూడక్షరాలది, "మనోళ్ళు" కూడా మూడక్షరాలే. అతికినట్టు సరిపోయింది.

పావుగంటలో ఒకే పాటకు మూడు రూపాలు వచ్చాయి. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ రిహార్సల్ చేయలేదు. ఆట ముగిసేసరికి ఆ పాట ఎవరిదంటే చెప్పడం కష్టం. మొదట ఎత్తుకున్నది ఆ పాపే గానీ, తిప్పికొట్టింది అవతలివాళ్ళు, పేరు అతికించింది ఇంకెవరో.

1929లో రోమన్ యాకొబ్సన్, ప్యోత్ర్ బొగతిర్యోవ్ అనే ఇద్దరు పండితులు జానపదం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. రచయిత ఒక పుస్తకం రాశాడనుకోండి. ఆ రోజుల్లో ఎవరూ చదవకపోయినా పుస్తకం ఎక్కడో అటక మీద పడి ఉంటుంది. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో దుమ్ము దులిపి చదివి ఆహా అనొచ్చు. నోటి పాటకు ఆ అవకాశం లేదు. సమాజం అందుకుంటేనే అది పాట. అందుకోకపోతే పుట్టనట్టే లెక్క. అంటే జానపదంలో జనం కేవలం శ్రోతలు కారు, వాళ్ళే పరీక్షకులు కూడా. పాట బయటికి రాకముందే వాళ్ళ వడపోత పని చేస్తుంది.

పల్లెపాటల్లో ఈ వడపోత ఎప్పుడో తాతల కాలంలో జరిగిపోయి ఉంటుంది. మనకు దొరికేది గెలిచిన పాట ఒక్కటే. ఫుట్‌బాల్ గ్యాలరీలో అదే పరీక్ష పది పదిహేను సెకన్లలో తేలిపోతుంది. మనకు దగ్గరలో చూడాలంటే బెంగళూరు కంఠీరవ స్టేడియానికి వెళ్ళాలి. బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌కు వెస్ట్ బ్లాక్ బ్లూస్ అభిమానులు ఒకచోట చేరి ఆటంతా నిలబడే పాడతారు. అక్కడ ఎవరో ఒకరు కొత్త పాట ఎత్తుకుంటారు. వెంటనే ముందు వరుస కలుస్తుంది. మూడో వరుసకు వచ్చేసరికి గొంతులు పలచబడతాయి, డ్రమ్ము వాయించేవాడు రెండు దెబ్బలు వేసి ఆగిపోతాడు. అంతే, పాట పోయింది. ఎవరూ "బాగాలేదు" అనలేదు. నోరు తెరవలేదు, అదే తీర్పు. ఇంకో పాట ఎత్తుకోగానే అగ్గి అంటుకున్నట్టు వెనక వరుస దాకా పోతుంది. రెండింటికీ తేడా ఏమిటో మొదలుపెట్టినవాడికి కూడా ముందు తెలియదు.

చెక్కభజనలో గురువు ఒక చరణం ఎత్తుకుంటే దళం తిరిగి అంటుంది. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంతలు "తందాన తాన" అందుకుంటారు. తిరుమల కొండెక్కేటప్పుడు ఎవరో ముందున్నవాళ్ళు "ఏడుకొండలవాడా వెంకటరమణా" అంటే, ఎక్కడో మలుపు వెనకున్న ముక్కూమొహం తెలియనివాళ్ళు "గోవిందా గోవింద" అంటారు. ఎత్తుకోవడం, అందుకోవడం అనే ఈ జోడీ మన ఒంట్లో ఉంది. ఫుట్‌బాల్ పాట నేర్చుకోవడానికి మనకు ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు, సగం పని ఎప్పుడో అయిపోయింది.

ఇప్పుడు రాగాల సంగతి. స్టేడియంలో జనం కొత్త రాగం కట్టడం చాలా అరుదు. ఇంగ్లండ్ గ్యాలరీల్లో పాడే పాటల్లో ఎక్కువ భాగం ఎక్కడినుంచో తెచ్చుకున్న వరసలే. 'గ్వాంతనమేరా' అనే క్యూబా పాట వరసలో ఆటగాడి పేరు పెట్టి "ఇలాంటోడు ఒక్కడే" అని పాడతారు. వేల్స్‌లో 1907లో జాన్ హ్యూస్ కట్టిన చర్చి కీర్తన వరస ఒకటుంది. గోల్ తిన్న ప్రత్యర్థి అభిమానులు చప్పబడిపోతే "ఏమైంది, పాట ఆగిపోయిందే" అని ఎగతాళి చేయడానికి దాన్ని వాడుకుంటారు. భక్తిపాట వరసలో ఎత్తిపొడుపు! మనవాళ్ళకు ఇది వింతేమీ కాదు. సినిమా పాట వరసలో అయ్యప్ప భజన, భజన వరసలో ఎన్నికల పాట మనం వింటూనే ఉన్నాం. వినాయక నిమజ్జనంలో "గణపతి బప్పా మోరియా" అని పెద్దవాళ్ళు అంటే "ఆధా లడ్డూ కాలియా" అని పిల్లలు అందుకుంటారు. ఆ రెండో ముక్క ఎవరు కట్టారు? ఎవరికీ తెలియదు. తెలుగు రాని ఊళ్ళ నుంచి వచ్చిన మాటకు అల్లరి జోడించి, తరతరాలుగా పిల్లల నోటి నుంచి పిల్లల నోటికి అందుతోంది.

ఒకే అచ్చులో కొత్త మాటలు పోసుకునే ఈ పద్ధతికి మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ వేమన. ఆయన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి దగ్గరే. 2022 వరకూ అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఆటవెలది నడక, చివర "విశ్వదాభిరామ వినురవేమ" అనే మకుటం. ఆ రెండూ చేతిలో ఉంటే మధ్యలో ఎవరి అనుభవాన్నయినా పెట్టొచ్చు. జనం అదే చేశారు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1839లో మరెన్నో చేర్చి మళ్ళీ వేయించాడు. ఆయన చేతికొచ్చిన తాళపత్రాల్లో ఒకే పద్యం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏవి వేమన చెప్పినవి, ఏవి జనం ఆయన పేరు మీద చెప్పినవి అన్న తగువు ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే ఆ పద్యాల బలమని నాకనిపిస్తుంది. మకుటం ఉన్నంతకాలం అచ్చు ఖాళీగా ఉన్నట్టే, ఎవరైనా నింపొచ్చు. గ్యాలరీలో 'గ్వాంతనమేరా' వరస చేస్తున్న పని అదే. ఆటగాళ్ళు వస్తారు, పోతారు, పేరు మారుతుంది, అచ్చు నిలుస్తుంది.

నోటితో కట్టే కవిత్వం ఈ అచ్చుల మీదే నడుస్తుందని నిరూపించినవాళ్ళు మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్. 1933 నుంచి 1935 దాకా పారీ యుగోస్లావియా పల్లెల్లో తిరిగి, గుస్లె అనే తంత్రీవాద్యం వాయిస్తూ వీరగాథలు పాడే గాయకులను రికార్డు చేశాడు. శిష్యుడిగా లార్డ్ వెంట ఉన్నాడు. వాళ్ళలో అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుడు పన్నెండు వేల పాదాలు దాటిన గాథ ఒకటి పాడాడు. గాయకులను అడిగితే, విన్న పాటను అక్షరం పొల్లుపోకుండా పాడతామనేవారు. రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతిసారీ మాటలు మారాయి. వాళ్ళు అబద్ధమాడలేదు. వాళ్ళ దృష్టిలో పాటంటే మాటల వరస కాదు, కథ, నడక, అందులో ఇమిడే తయారు మాటలు. ఆ మూడూ చెడకపోతే పాట చెడనట్టే. గ్యాలరీలో ఇరవై ఏళ్ళుగా పాడుతున్న అభిమానిని అడగండి, "మొదట్నుంచీ ఇట్లే పాడుతున్నాం" అంటాడు. పాత వీడియో పెట్టి చూస్తే అట్లా ఉండదు.

ఆటగాడి పేరు ఏ అచ్చులో ఇముడుతుందో నిర్ణయించేది లఘువులూ గురువులే. భారత ఫుట్‌బాల్ ఆటగాడు "సునీల్ ఛేత్రీ" పేరు తీసుకోండి. ఒక లఘువు, ఆ తర్వాత మూడు గురువులు. మొదటి అక్షరం చటుక్కున జారిపోయి, తర్వాతి మూడూ బరువుగా పడతాయి. మూడు చప్పట్లకు మూడు గురువులు. అరవడానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. పైగా అది దీర్ఘంతో ముగుస్తుంది, ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. ఈ విషయంలో తెలుగుకు పుట్టుకతో వచ్చిన అనుకూలం ఉంది. మన మాటలు చాలావరకు అ, ఇ, ఉ లాంటి అచ్చులతో ముగుస్తాయి కాబట్టి వెయ్యిమంది కలిసి లాగినా తెగవు. హల్లుతో ముగిసే కొన్ని ఇంగ్లీషు పేర్లకు గ్యాలరీవాళ్ళు చివర "ఓ" తగిలించి పాడతారు, ఆ సాగతీత కోసమే.

ఇక ఈ పాటలు ఎప్పుడు మొదలయ్యాయి? ఇంగ్లండ్‌లో 1927 ఎఫ్ఏ కప్ ఫైనల్ నుంచి ఆటకు ముందు ఒక క్రైస్తవ కీర్తనను జనం చేత పాడించడం ఆనవాయితీగా వస్తోంది. అది పైనుంచి నడిపించిన పాట. కింది నుంచి పుట్టిన పాట పేరు తెచ్చుకున్నది 1960లలో, లివర్‌పూల్ క్లబ్బు మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, గోల్ పోస్టు వెనకున్న 'కాప్' అనే గట్టు మీద. ఆ పేరు వెనక మనకు సంబంధించిన చరిత్ర కొంత ఉంది. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో స్పయన్ కాప్ అనే కొండ మీద బ్రిటిష్ సైన్యం ఘోరంగా దెబ్బతింది. చనిపోయినవాళ్ళలో, అప్పట్లో లివర్‌పూల్ ఉన్న లాంక్‌షైర్ ప్రాంతపు సైనికులు ఎక్కువ. అక్కడ గాయపడ్డవాళ్ళను డోలీల మీద మోసిన భారతీయ అంబులెన్స్ దళంలో గాంధీ ఉన్నారు. 1906లో ఆన్‌ఫీల్డ్‌లో కట్టిన పెద్ద గట్టుకు ఆ కొండ పేరు పెట్టారు.

అప్పట్లో అక్కడ సీట్లు లేవు. పాతిక వేల మందికి పైగా భుజం భుజం ఒరుసుకుని నిలబడేవాళ్ళు. ఆటకు ముందు లౌడ్‌స్పీకర్లో ఆ వారం హిట్ పాటలు వేస్తే జనం కలిసి పాడేవాళ్ళు. 1963లో జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ అనే స్థానిక బృందం, 1945 నాటి ఒక అమెరికన్ సంగీత నాటకంలోని పాటను మళ్ళీ పాడింది. 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' అనే ఆ పాట హిట్లలో మొదటి స్థానానికి వెళ్ళింది. కొన్ని వారాలకు జాబితా నుంచి దిగిపోయింది. కాప్ మీద జనం మాత్రం దిగనివ్వలేదు. లౌడ్‌స్పీకర్ మానేసినా వాళ్ళు మానలేదు. కాసుల కోసం తయారైన పాట ఆ రోజుతో జనం సొత్తయింది. ఇప్పుడది స్కాట్లాండ్‌లో సెల్టిక్, జర్మనీలో డార్ట్‌మండ్ అభిమానులది కూడా. 1964లో బీబీసీ విలేకరి ఒకరు కాప్ ముందు నిలబడి, ఏదో దూరపు సముద్ర దీవుల్లోని ప్రజల సంస్కృతిని చూసినట్టు ఆశ్చర్యపోతూ వాళ్ళ గురించి చెప్పాడు. తమ ఊరి కార్మికుల పాట గొప్పతనం చెప్పడానికి కూడా దీవుల దాకా పోవాల్సి వచ్చింది వాళ్ళకు. మనదీ అదే జబ్బు. జానపదం అంటే దూరపు పల్లెలో, పాత కాలంలో, ముసలివాళ్ళ నోట ఉండాలని పట్టుపడతాం.

వేలమంది కలిసి పాడటంలో ఇంకో చిక్కుంది, అది గాలిది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు. ఒక గోల్ పోస్టు వెనక చప్పట్లు కొడితే అవతలి గోల్ పోస్టు వెనకవాళ్ళకు వినబడటానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో పాడుతుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. అంటే అవతలివాళ్ళు విని కలిసేసరికి సగం దెబ్బకన్నా ఎక్కువే వెనకబడతారు. వాళ్ళ పాట తిరిగి ఇవతలికి వచ్చేసరికి ఇంకా గందరగోళం. అందుకే స్టేడియం మొత్తం పాడే పాటలు నెమ్మదిగా సాగుతాయి, దీర్ఘాలు ఎక్కువ ఉంటాయి, స్వరాలు ఎత్తుపల్లాలు లేకుండా నాలుగైదు మెట్ల మధ్యే తిరుగుతాయి. చురుకైన పాటలు ఒక స్టాండుకే పరిమితమవుతాయి. అందుకే డ్రమ్ము కావాలి, పై కప్పు కావాలి, జనం దగ్గర దగ్గరగా ఉండాలి.

2016 యూరో కప్‌లో ఐస్‌లాండ్ అభిమానుల చప్పట్లు ప్రపంచమంతా చూసింది. అప్పటికి జనాభా మూడున్నర లక్షలు కూడా లేని దేశం. డ్రమ్ము మీద రెండు దెబ్బలు, ఆ తర్వాత అందరూ చేతులు పైకెత్తి ఒక చప్పట, ఒక "హూ". మళ్ళీ నిశ్శబ్దం. ఆ ఖాళీ మొదట చాలా పెద్దదిగా ఉండి, ఒక్కోసారికీ తగ్గుతూ వచ్చి చివరికి చప్పట్ల వాన అవుతుంది. మొదటి ఖాళీ పెద్దదిగా ఉండటం వల్లే దూరంగా ఉన్నవాళ్ళు కలవగలుగుతారు. కలిశాక వేగం పెంచుకోవచ్చు. చెక్కభజన చూసినవాళ్ళకు ఇది తెలిసిన నడకే. అక్కడా అడుగు నింపాదిగా మొదలై, గజ్జెలూ చెక్కలూ ఒక తీరుకు వచ్చాకే వేగం అందుకుంటుంది. ఐస్‌లాండ్ చప్పట్లు అప్పటికి ఒకటి రెండేళ్ళ ముందు స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్ అభిమానుల దగ్గర విని తెచ్చుకున్నవని అంటారు. అక్కడినుంచి అవి కొచ్చికీ బెంగళూరుకూ వచ్చాయి.

అనంతపురంలో గాలి కథ వేరు. మన మైదానాల చుట్టూ ఎత్తైన స్టాండ్లు, పై కప్పులు ఎక్కడివి? ఆషాఢం గాలికి రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతుంటే, ఇక్కడ గట్టు మీద పాడిన పాట పదడుగులు పోకుండానే ఎగిరిపోతుంది. అలాంటి చోట ఇరవై మంది గొంతుకన్నా ఒక తప్పెట మేలు. ఖాళీ క్యాన్ మీద దరువేసిన ఆ పాప చేసిన పని చిన్నది కాదు. ఆ చోటుకు ఏం కావాలో ఆమె చేతులకు తెలిసింది. మన పాటలు చిన్న చిన్న ప్రశ్న జవాబులుగా ఉండటానికీ ఈ బయలే కారణం అనుకుంటాను. పెద్ద చరణాలు ఇక్కడ నిలబడవు.

పాట ఊళ్ళు ఎలా దాటుతుందో చూడాలంటే 2003 అక్టోబరుకు వెళ్ళాలి. బెల్జియంలోని క్లబ్ బ్రూజ్ అభిమానులు మిలాన్‌లో మ్యాచ్‌కు వెళ్ళి, ఆటకు ముందు ఒక బార్‌లో 'సెవెన్ నేషన్ ఆర్మీ' అనే అమెరికన్ రాక్ పాట విన్నారు. మాటలు పట్టించుకోలేదు. గిటార్ మీద వచ్చే ఏడు స్వరాల ముక్కను "ఓ ఓ" అంటూ పట్టుకున్నారు. ఆ రాత్రి వాళ్ళ జట్టు మిలాన్‌ను ఒక గోల్‌తో ఓడించింది. గెలిచిన రాత్రి పాడిన పాటను ఎవరు వదులుతారు? దాన్ని ఇంటికి తీసుకుపోయారు. 2006 ఫిబ్రవరిలో రోమా జట్టు బ్రూజ్‌లో ఆడినప్పుడు ఆ జట్టువాళ్ళు అది విని ఇటలీకి తెచ్చుకున్నారు. ఆ జులైలో ఇటలీ ప్రపంచకప్ గెలిచేసరికి అది దేశమంతటి పాట. మాటలు లేకపోవడం వల్ల ఏ భాషా అడ్డు రాలేదు. కట్టినవాళ్ళ ప్రమేయం ఇందులో ఎక్కడా లేదు.

మన దగ్గర ఇదే దారిలో పోయిన కేక "జై బాలయ్య". బాలకృష్ణ 2014 నుంచి హిందూపురం ఎమ్మెల్యే. సినిమా హాల్లో పుట్టిన ఆ రెండు మాటలు క్రికెట్ స్టేడియాలకూ, కాలేజీ ఫంక్షన్లకూ, విదేశాల్లో తెలుగువాళ్ళ సభలకూ పాకాయి. సినిమాతో, పార్టీతో సంబంధం లేనివాళ్ళు కూడా ఉత్సాహం వస్తే అరుస్తారు. అర్థం వెనక్కి పోయి ఊపు ముందుకొచ్చింది. జనం నోట పడిన మాటకు జరిగేది అదే.

ఇదంతా మురిసిపోయి చెబుతున్నానని అనుకోవద్దు. జనం వడపోత మంచినీ చెడునూ ఒకే జల్లెడలో పోస్తుంది. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు, వాళ్ళలో ఎనిమిది మంది మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు. 1989 ఏప్రిల్‌లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలి తీసుకుంది. ఆ చావులను ఎగతాళి చేస్తూ ప్రత్యర్థులు పాటలు కట్టి దశాబ్దాలు పాడారు. నల్లజాతి ఆటగాళ్ళను చూసి కోతి కూతలు కూశారు. అవి కూడా నోటి నుంచి నోటికే వచ్చాయి, వాటికీ కర్త లేడు. కర్త లేకపోవడం ఇక్కడ దాక్కోవడానికి చోటవుతుంది, "నేనొక్కణ్ణే అన్లేదు కదా" అనొచ్చు. 2023 నుంచి ఇంగ్లండ్‌లో చావులను ఎగతాళి చేస్తూ పాడేవాళ్ళకు స్టేడియంలోకి రాకుండా నిషేధం పడుతోంది. మనం కూడా గుండె మీద చెయ్యి వేసుకోవాలి. మన పల్లెల పాటల్లో, సామెతల్లో కులాన్ని కించపరిచే మాటలు, ఆడవాళ్ళను వెక్కిరించే మాటలు ఎన్ని లేవు? సంప్రదాయం అన్న పేరుతో వాటిని కాపాడాల్సిన పని లేదు. కొత్త పాట పుడుతున్న చోట ఉన్న మేలు ఇదే. అక్కడ నోరు మూసుకుని ఒక పాటను చంపొచ్చు. మూడో వరుసలో ఉన్నవాడికి ఆ అధికారం ఉంది.

హిల్స్‌బరో తర్వాత, ఆ ప్రమాదం మీద విచారణ జరిపిన టేలర్ నివేదిక వచ్చింది, పెద్ద క్లబ్బులన్నీ నిలబడే గట్లు తీసేసి సీట్లు వేశాయి. 1994లో కాప్ కూడా మారింది. ప్రాణాలకన్నా పాట ఎక్కువ కాదు, ఆ మార్పు జరగాల్సిందే. కానీ కూర్చున్నవాడి గొంతు వేరు, నిలబడ్డవాడి గొంతు వేరు. టికెట్ ధరలు పెరిగి కుర్రాళ్ళు తగ్గారు. ఖాళీ నింపడానికి లౌడ్‌స్పీకర్లు పెంచారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఇదే, ఎందుకంటే ఇది మన వీధిలో కూడా జరిగింది. వినాయక నిమజ్జనానికి ఒకప్పుడు చెక్కభజన దళం, తప్పెట్లు ముందు నడిచేవి. ఇప్పుడు లారీ నిండా డీజే బాక్సులు. కొత్త తరం పాటలు వస్తున్నాయని నాకు బాధ లేదు. పాతవాళ్ళూ తమ కాలపు కొత్త పాటలే పాడారు. ఇబ్బంది ఎక్కడంటే, డీజే ఖాళీ ఇవ్వదు. తప్పెట కొట్టేవాడు దెబ్బ వేసి ఆగుతాడు, ఆ ఆగిన చోట జనం అందుకుంటారు. బాక్సు ఆగదు. ఎత్తుకోవడం ఒక్కటే ఉండి అందుకోవడం పోతే, జనానికి మిగిలేది ఎగరడమే. టోర్నమెంట్లలో కూడా మైకు పట్టుకున్న కామెంటేటరు ఒక్క నిమిషం నోరు మూయడు, హాఫ్‌టైమ్‌కు సినిమా పాటలు మోగుతాయి. నిర్వాహకులకు ఒక్క మాట చెప్పాలని ఉంది: పిల్లలు అరుస్తున్నప్పుడు మైకు ఆపండి. అంతకు మించి జానపద కళకు చేసే సాయం ఆ గంటలో ఇంకోటి లేదు.

ఫోన్ల సంగతి అంత తేలిగ్గా తేల్చలేను. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న చాంట్లు ఉన్నాయి, వాట్సాప్‌లో మాటలు ముందే పంపుకుని వచ్చేవాళ్ళున్నారు. అయితే మాట తెలిసినంత మాత్రాన పాట నిలబడదు, మైదానంలో పరీక్ష తప్పదు.

అనంతపురానికి ఈ విషయంలో ఉన్న వసతి అందరికీ లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ, తర్వాతి కాలంలో స్పోర్ట్స్ విలేజ్ కట్టి పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లాలిగా కూడా చేయి కలిపింది. క్రికెట్ పిచ్చి ఉన్న రాష్ట్రంలో, వేరుశెనగ పండించే ఇళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు బూట్లు కట్టుకుని ఆడే చోటు ఇది. వాళ్ళతోపాటు తెలుగు, ఉర్దూ, కన్నడం గట్టు మీదకి వస్తున్నాయి. ఒకే కేకలో రెండు భాషలు కలిసిపోవడం ఇక్కడ మామూలు. గ్యాలరీ పాట ప్రపంచంలో చాలాచోట్ల మగవాళ్ళ సొత్తుగా పెరిగింది. ఇక్కడ మాత్రం ఆడపిల్లల మ్యాచ్‌కు ఆడపిల్లలే దరువు వేస్తున్నారు, వాళ్ళే ఎత్తుకుంటున్నారు. గొబ్బిపాటలూ నాట్లపాటలూ కట్టింది ఆడవాళ్ళే కాబట్టి, ఇదేదో కొత్తగా వచ్చిన చొరవ అనుకోనక్కర్లేదు.

మన యూనివర్సిటీల్లో జానపదం మీద పరిశోధన చేసే విద్యార్థులు ఈ మైదానాలకు రావాలని నా కోరిక. వస్తే పాట మాటలు ఒక్కటే రాసుకుపోతే సగమే దొరుకుతుంది. ఎవరు ఎత్తుకున్నారు, స్కోరు ఎంతున్నప్పుడు, ఏ వరసలో, అవతలివాళ్ళు ఎలా తిప్పారు, వచ్చే వారం అందులో ఏ మాట మిగిలింది అన్నవన్నీ రాయాలి. ముఖ్యంగా పోయిన పాటలు రాయాలి. ఎత్తుకోగానే ఎవరూ అందుకోక ఆగిపోయినవి. పల్లెల్లో టేప్‌రికార్డర్ పట్టుకుని తిరిగిన ఏ పరిశోధకుడికీ అవి దొరకలేదు, జనం తోసేసిన పాట ఏ అవ్వకూ గుర్తుండదు కాబట్టి. ఇక్కడ మాత్రం ఒక మ్యాచ్‌కు నాలుగైదు దొరుకుతాయి. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసుకుని, ఒకదాంట్లో నిలబడినవి, ఇంకోదాంట్లో పోయినవి రాసుకుంటే చాలు. ఫోన్‌లో రికార్డు చేసేట్టయితే ముందు కోచ్‌నీ పిల్లల పెద్దవాళ్ళనూ అడగండి. ఆట మధ్యలో అడిగితే విసుక్కుంటారు, వార్మప్ అప్పుడే అడగడం మంచిది.